పెద్దమెట్ట దిగినవారి జాబితా

ఈ శీతాకాలంలో అభయారణ్యం అధికారులకు నేను మూడు దరఖాస్తులు రాశాను. మూడింటి నకళ్ళూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అందినట్టు చీటీ మాత్రం ఒక్కదానికే ఇచ్చారు, ఆ చీటీ మీద సంతకం ఎవరిదో ఆ సంతకం పెట్టినవారికే తెలియాలి. నేను కోరింది పెద్ద విషయం కాదు. ఎనభై దాటిన మనిషిని, కుడికాలు సరిగా లేని మనిషిని, కుమార్తె, మేనల్లుడు తోడుండగా, శిఖరం దాకా కాకపోయినా దాని కింది చదును దాకా, అటవీ సిబ్బంది జీపు వెళ్ళే దారిలో ఒక్కసారి వెళ్ళనివ్వమని కోరాను. మొదటి దరఖాస్తుకు జవాబు లేదు. రెండోదానికి, ఇటువంటివి కాగితం మీద తీసుకోవడం మానేశామని, కంప్యూటరులో పెట్టుకోవాలని ఫోనులో చెప్పారు. కాగితం మీద తీసుకోనప్పుడు ఆ సంగతిని కాగితం మీద తెలియజేయవలసిన బాధ్యత ఎవరిదని మూడోదానిలో అడిగాను. ఆ ప్రశ్న నేటికీ నా నకలులోనే ఉంది. యాభై ఏళ్ళుగా చూసినది, విన్నది, జరిగినది తేదీ వేసి రాసుకునే అలవాటున్న మనిషిని. రాసినది రుజువుగా నిలుస్తుందని నమ్మి బతికాను. ఆ నమ్మకం ఎక్కడ తప్పిందో రాయకుండా ఈ జ్ఞాపకాలు పూర్తి కావు, ఎంత వాయిదా వేసినా.

ఆ కాలు సరిగా లేని మనిషి మా మేనమామ తవిటయ్య. మా అమ్మకు తమ్ముడు, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. శ్రీకాకుళం పల్లె నుంచి మా నాన్న వెనకాలే ఉక్కు కార్ఖానా ఊరు భిలాయి వచ్చి, జాముల్ దాటాక ఉన్న ఒక చిన్న ఫౌండ్రీలో చేరాడు. నాన్న అక్కడ అచ్చులు కట్టే మేస్త్రీ. ఫౌండ్రీకి ఆనుకుని రెండు వరసల లైను ఇళ్ళుండేవి. రెండు గదులు, ముందు వసారా, పది ఇళ్ళకు ఒక కుళాయి. మాకు చుట్టుపక్కలంతా మనవాళ్ళే, విజయనగరం వాళ్ళో, బొబ్బిలి వాళ్ళో, మా వైపు వాళ్ళో. అచ్చులకు వాడే ఇసుకలో చెరకు మడ్డి కలిపి కాల్చేవారు కాబట్టి, సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మగవాళ్ళందరి ఒంటి మీదా మాడిన బెల్లం వాసన ఉండేది. మా అమ్మ ఆ వాసనను గుమ్మం దాటనిచ్చేది కాదు. వేణ్ణీళ్ళ బకెట్టు వసారాలోనే పెట్టి, "తవిటీ, ముందు ఒళ్ళు కడుక్కోరా, పాకం మాడబెట్టినట్టు కంపు కొడతన్నావు," అనేది. మావ నీళ్ళ దగ్గర కూర్చుని, "ఈ మాట బావకి సెప్పవేటి అప్పా? ఆయనేటి అత్తరు పూసుకొచ్చాడా?" అనేవాడు. నాన్న ఏమీ విననట్టు లోపలికి నడిచి, చివరికి తానూ అదే బకెట్టు దగ్గరికి వచ్చేవాడు. రాత్రి అన్నంలోకి ఎండు నెత్తళ్ళు వేయిస్తే తప్ప మా ఇంట్లో బెల్లం వాసన పోయేది కాదు.

తవిటయ్య మావకు ప్రాణమిత్రుడు అప్పారావు, మా లైనులోనే చివరి ఇల్లు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఇద్దరూ ఒకే కొలిమి దగ్గర పని. ఫౌండ్రీలో ఒక్కొక్కరికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. లోపలికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గరి పలక మీద తన మేకుకు తగిలించాలి, ఇంటికి వచ్చేటప్పుడు తీసుకుని జేబులో వేసుకోవాలి. పలక మీద బిళ్ళ ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. మావ పొద్దున్నే లేవలేని మనిషి. ముందురోజు రాత్రే తన బిళ్ళ అప్పారావుకు ఇచ్చేసేవాడు, అప్పారావు రెండూ తగిలించేవాడు. పావుగంట ఆలస్యంగా మావ వెనక గోడ సందులోంచి దూరేవాడు. సాయంత్రం అప్పారావు సినిమాకు ముందే జారుకుంటే అతని బిళ్ళ మావ తీసుకొచ్చేవాడు. ఇది వాళ్ళిద్దరి సంగతే కాదు, లైనులో స్నేహమంటేనే అది. ఒకసారి మేనేజరు అప్పారావును పట్టుకుని, ఈ రెండో బిళ్ళ దాని నంబరువాడే ఇచ్చాడా అని నిలదీస్తే, తనకు దారిలో దొరికిందని చెప్పి మూడు రోజులు పని పోగొట్టుకున్నాడు. ఇచ్చినవాడి పేరు తీసుకున్నవాడు చెప్పకూడదు. ఆ నియమం ఎక్కడా రాసి లేదు, అయినా దాన్ని తప్పినవాణ్ణి నేను చూడలేదు.

ఏటా శీతాకాలంలో కొలిమి లోపలి ఇటుకలు మార్చేవారు. ఆ వారం పోతపని ఉండదు. ఆ వారంలోనే ఒక రోజు మగవాళ్ళంతా లారీ మాట్లాడుకుని, మూడు గంటల దూరంలో ఉన్న అభయారణ్యంలోని శిఖరం ఎక్కడం మా లైను ఆచారం. ఆ శిఖరానికి అక్కడివాళ్ళు పిలిచే పేరు వేరు. మావాళ్ళు మాత్రం పెద్దమెట్ట అనేవారు, తమ ఊళ్ళలోని మెట్టలన్నీ దీనికి తమ్ముళ్ళయినట్టు. ముందురోజు సాయంత్రమే ఆడవాళ్ళు చింతపండు పులిహోర కలిపేవారు. మా అమ్మ అందులో వేరుశెనగ గుళ్ళు వేయదని అప్పారావు ప్రతి ఏడూ ఫిర్యాదు చేసేవాడు. అడవి గేటు దగ్గర అటవీ కాపలాదారు ఎంతమంది లోపలికి వెళుతున్నారో రిజిస్టరులో రాసుకునేవాడు. పొద్దు గుంకేలోగా అంతమందీ బయటికి రావాలి, ఆపైన ఎలుగుబంట్లు దిగుతాయని గేటు మూసేవారు. అంతకుముందు ఏడు ఒకాయన దారి తప్పి గంటసేపు దొరకలేదు. అందుకని ఆ ఏడు నాన్న ఒక ఏర్పాటు చేశాడు. చెక్కపలకకు మేకులు కొట్టించి, ప్రతివాడూ తన ఫౌండ్రీ బిళ్ళను గేటు దగ్గర తగిలించి ఎక్కాలని, దిగాక ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకోవాలని. పలక ఖాళీ అయితే అందరూ దిగినట్టు. పలక కాపలా, పేర్ల జాబితా నాకు అప్పగించాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, అదే ఫౌండ్రీలో స్టోరు గుమాస్తాగా కొత్తగా చేరాను, చేతిరాత బాగుంటుందని పేరు. పలక గేటు దగ్గరే ఉంచాలి కాబట్టి నేను శిఖరం ఎక్కకూడదు. సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆ కొండ కొస నేను నేటికీ చూడలేదు.

జాబితాలో నాతో కలిపి ఇరవై రెండు పేర్లు. మధ్యాహ్నం మూడు దాటాక ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు, బూట్లకు ఎర్రమట్టి, చేతుల్లో ఉసిరికాయలు. ఒక్కొక్కరూ బిళ్ళ తీసుకుంటుంటే నేను పేరు ఎదుట గీత పెట్టాను. చివర్లో ఆరేడుగురు గుంపుగా వచ్చి పలక చుట్టూ మూగారు. అప్పారావు చెయ్యి చాచి తన బిళ్ళ తీసుకున్నాడు, ఆ చేత్తోనే పక్క మేకు మీది బిళ్ళ కూడా తీసుకున్నాడు. అది మావ బిళ్ళ. నేను చూశాను. అతను నన్ను చూడలేదు. ఎవరితోనో నవ్వుతూ ఏదో చెబుతూ, నిత్యం చేసే పని చేసినట్టు రెండింటినీ చొక్కా జేబులో వేసుకున్నాడు. మావ ఎక్కడో వెనకాల చెట్టు చాటుకు వెళ్ళి ఉంటాడు, వచ్చేస్తాడు అనుకున్నాను. పెద్దవాణ్ణి నలుగురిలో అడగడం ఎందుకు అనుకున్నాను. ఇవి రెండూ తరువాత నాకు నేను చెప్పుకున్న కారణాలు కావచ్చు; ఆ క్షణంలో ఏమనుకున్నానో నిజంగా నాకు గుర్తు లేదు. తవిటయ్య పేరు ఎదుట గీత పెట్టాను. పలక ఖాళీ అయింది. కాపలాదారు తలలు లెక్కపెట్టలేదు, నా జాబితా చూసి తన రిజిస్టరులో ఇరవై రెండు అని ఎక్కించుకున్నాడు.

లారీ ఎక్కేటప్పుడు నాన్న అడిగాడు, "తవిటి ఏడిరా?" అందరూ అందరి వంకా చూశారు. "రానేదేటి? గేటు కాడికొచ్చీసుంటాడనుకున్నాను," అంటూ అప్పారావు లారీ మీంచి దూకి అడవి వైపు పరుగెత్తాడు. అప్పటికి గేటు మూసి గొలుసు వేస్తున్నారు. నాన్న, నేను, మరో నలుగురం కాపలాదారును బతిమాలాం. ఆ ముసలాయన రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూపించాడు. "సబో ఝన్ ఉతర్ గే హే," అన్నాడు, అందరూ దిగిపోయారని. ఇరవై రెండుమంది వెళ్ళారు, ఇరవై రెండుమంది వచ్చారు, నీ కాగితం కూడా అదే చెబుతోంది, ఇంక మీరు వెతికేది ఎవరిని? తాగి ఎవరో ముందే రోడ్డు మీదికి వెళ్ళిపోయి ఉంటారని, రోడ్డు మీద వెతకమని అన్నాడు. నా జాబితా తప్పని నాన్న అన్నాడు. "తప్పా?" అని ఆయన నా వంక చూశాడు. నేను మాట్లాడలేదు. అప్పారావు కంచె ఎక్కబోతే ఇద్దరు అటవీ కూలీలు, మా వాళ్ళు ఇద్దరు అతని నడుము పట్టుకుని కిందికి లాగారు. "ఒగ్గీండ్రా, ఆడు మీదే ఉన్నాడు," అని అరుస్తూనే ఉన్నాడు. చీకటి పడేదాకా గేటు ఇవతల నిలబడి అందరూ కలిసి తవిటీ తవిటీ అని పిలిచాం. కొండ నుంచి జవాబు రాలేదు. మనిషి ఎదురుగా ఉన్న కొండ మీద ఉన్నాడు, మధ్యలో ఉన్నది నేను రాసిన కాగితం.

తెల్లారగానే గేటు తీశారు. శిఖరానికి కొంచెం దిగువన, బండల సందులో మావ దొరికాడు. కుడికాలు మోకాలి కింద విరిగి ఉంది. దుప్పటిని రెండు వెదురుకర్రలకు కట్టి మోసుకొచ్చారు. ముందు కొన అప్పారావు భుజం మీద ఉంది, దారిలో ఎవరు మారుతామన్నా ఇవ్వలేదు. కాలు అతికింది గాని వంకరగా అతికింది. ఫౌండ్రీలో కొలిమి పని తప్పించి కూర్చుని చేసే పని ఇచ్చారు. ఆ వారమే నేను నా పుస్తకంలో సంఘటన అంతా వరుసగా రాసి, కింద "కారణం: అప్పారావు నిర్లక్ష్యం, ఇతరుని బిళ్ళ తీయడం" అని గీత గీసి రాశాను. లైను పెద్దలు కూర్చున్నప్పుడు దాన్ని చదవమన్నారు, చదివాను. చేతిరాత బాగుందని మళ్ళీ మెచ్చుకున్నారు. అప్పారావు లేచి నిలబడి, "అవును, నానే తీసాను," అన్నాడు. ఎందుకు తీశావంటే, "అలవాటు," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. మావ అప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. వచ్చే ఏడు నుంచి అప్పారావును పెద్దమెట్టకు తీసుకెళ్ళకూడదని నిర్ణయించారు. నిర్ణయించింది అంతే. కాని కొండకు పిలవనివాణ్ణి పెళ్ళికి పిలవడమెలా అని ఒకరికి అనిపించింది, తరువాత అందరికీ అనిపించింది. పేరంటాలకు అతని భార్య పోలమ్మను పిలవడం మానేశారు. రెండేళ్ళకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి జాముల్‌కు అవతలి వైపు వెళ్ళిపోయారు. మా అమ్మ మాత్రం, "ఆడు కావాలని సేసాడేటి?" అని ఒకటి రెండుసార్లు గొణిగింది. రాసి ఉంది కదమ్మా అన్నాను. అప్పారావు చనిపోయి చాలా కాలమైంది. చావుకు నేను వెళ్ళలేదు.

ఇప్పుడు మావ భిలాయిలోనే, రుఆబాంధాలో కూతురు నాగమణి దగ్గర ఉంటున్నాడు. నేను నెహ్రూ నగర్‌లో. దసరా వెళ్ళాక ఒక ఆదివారం నేను వెళ్ళినప్పుడు, ఎవరూ అడగకుండానే, "అల్లుడూ, నన్నొక్కసారి పెద్దమెట్ట ఎక్కించు," అన్నాడు. ఆ దరఖాస్తులు అందుకే. జవాబు రాకపోయేసరికి, ఎదుట నిలబడితే కాదంటారా అని, నాగమణి కారులో ముగ్గురం ఒక ఉదయం బయలుదేరాం. అడవి గేటు దగ్గర ఇప్పుడు రంగుల కమాను ఉంది, జీపుల వరుస ఉంది, పాత కంచె ఉన్నచోట గోడ లేచింది. కాపలాదారు కుర్రవాడు, మర్యాదస్థుడు. చేతిలోని పలకలాంటి ఫోనులో మావ వయసు కొట్టగానే అది ఎర్రగా వెలిగింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఎర్రగానే. నేను నకళ్ళు తీసి ఒకటొకటిగా చూపించాను. అతను గౌరవంగా చూసి, మడిచి తిరిగి ఇచ్చాడు. "దాదాజీ, మై క్యా కరూఁ, సిస్టమ్ నహీఁ లే రహా," అన్నాడు, సిస్టమ్ తీసుకోవడం లేదు, తానేం చేయగలనని. సిస్టమ్‌కు కళ్ళున్నాయా, ఎదురుగా ఉన్న మనిషి దానికి కనిపిస్తున్నాడా, నాకు లిఖితపూర్వకంగా జవాబు కావాలి అని నేను గొంతు పెంచాను. నాగమణి, "బావా, ఛోడియే నా, బీపీ పెరుగుతాది," అని, వదిలేయమంటూ నా చెయ్యి పట్టుకుంది. మావ మాత్రం నవ్వాడు. "అప్పుడు రిజిస్టరన్నారు, ఇప్పుడు సిస్టమంటన్నారు. ఈలకి మనిసి ఎప్పుడూ అవుపడడు. రా, కూకో," అన్నాడు.

గోడ పక్క సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. కొస కనిపించదు, మధ్యలో చెట్లు ఎదిగిపోయాయి. మావ చాలాసేపు అటే చూసి, "అల్లుడూ, నా బిళ్ళ ఎవులు తీసారో నీ పుస్తకంలో ఉందేటి?" అన్నాడు.

"ఉంది మావా. అప్పారావు."

"తీయమన్నదెవులో ఉందేటి?"

నేను ఆయన వంక తిరిగాను. "నానే," అన్నాడు. "సీకటి పడ్డాక మీదనించి సూస్తే మన ఊరు ఎర్రగా అవుపడతాదని ఎవులో సెప్పారు. ఉక్కు కార్ఖానావోళ్ళు కరిగిన చిట్టెం పారబోస్తారు గదా, ఆ ఎలుతురు. ఏటేటా పొద్దుండగానే దించీసేవోరు. ఆ ఏడు ఉండిపోవాలనిపించీసింది. నా బిళ్ళ తీసీరా అప్పారావూ, నాను పక్క దారంట దిగి గేటు మూసీలోపు వొచ్చీస్తాను అన్నాను, అవ్వదని తెలిసీ. ఆడు వద్దన్నాడు. ఒకటికి రెండు సార్లు వద్దన్నాడు."

"నాన్నా!" అంది నాగమణి. "ఇత్‌నే సాల్ బాద్, ఇన్నేళ్ళకి చెప్తన్నావా?"

"ఎప్పుడు సెప్పాలే? ఆస్పత్రిలోంచి వొచ్చీసరికి అందరూ ఆడినే తిడతన్నారు. నాకు కూకునే పనిచ్చారు, జాలిపడి మీ అమ్మనిచ్చారు. రేపు సెప్దాం రేపు సెప్దాం అనుకున్నాను. ఆడే సెప్తాడనీ సూసాను. ఆడు సెప్పడని నాకు తెలుసు." కాలు సర్దుకుని, "ఆడికి సెప్పుకుందామని రెండుసార్లు ఆడి ఈది మొగ దాకా ఎల్లాను కూడాను," అన్నాడు.

"అవుపడిందా మావా, ఊరు?" అని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో తెలియదు.

"అవుపడ్డాది. అగ్గిపుల్ల గీసినంత. అంతే. అది సూసి లేవబోతే కాలు జారిపోనాది."

అప్పుడు నేను కూడా చెప్పాను. అప్పారావు రెండు బిళ్ళలు తీయడం కళ్ళారా చూశానని, చూసి కూడా గీత పెట్టానని, కాపలాదారు అడిగినప్పుడు నోరు విప్పలేదని, ఆ ముక్క నా పుస్తకంలో ఎక్కడా రాయలేదని. మావ నన్ను తిట్టలేదు. "సూసి ఊరుకున్నావేటి?" అని, "అయితే మువ్వురం. దెబ్బలు మాత్రం ఆడొక్కడే తిన్నాడు," అన్నాడు. నాగమణి లేచి కారు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

మూడో రోజున నేను జాముల్ అవతలి బస్తీలో అడిగి అడిగి పోలమ్మ వదిన ఇల్లు పట్టుకున్నాను. మావ రానన్నాడు, కాలు నొప్పి అన్నాడు. ఆమె గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తోంది. నేనెవరో చెబితే గుర్తుపట్టింది. కూర్చోమని చాప చూపించింది. నేను ఉన్నదంతా వరుస తప్పకుండా చెప్పాను. నా పుస్తకంలోని ఆ పేజీ తీసి, "కారణం" అన్న చోట ముందురోజు కొట్టివేసి, ఎర్ర సిరాతో రాసిన సవరణ చదివి వినిపించాను. ఆమె ఆకు దూయడం ఆపలేదు.

"అయితే ఇప్పుడేటంటావు బాబూ?" అంది.

"అన్న తప్పు లేదని అందరికీ చెబుతాను వదినా."

"అందరూ అంటే ఎవులున్నారు?"

నేను ఆలోచించాను. జాబితాలోని ఇరవై రెండుమందిలో మావ ఉన్నాడు. దుర్గ్‌లో మంచం పట్టిన ఒకాయన ఉన్నాడు, ఆయన ఎవరినీ గుర్తుపట్టడు. మిగిలింది నేను.

"మా కొడుక్కి సెప్పు," అంది ఆమె, మొదటిసారిగా ఆకు పక్కన పెట్టి. "ఆల నాన్న సంగతి ఆడికి తెలవాలి. ఆయన నోరిప్పి సెప్పనేదు, నన్ను సెప్పనియ్యనేదు." ఫోను తీసి, ఎవరి చేతనో గుర్తుగా పెట్టించుకున్న ఎర్ర బొట్టు ఉన్న బొత్తాం నొక్కి, నా చేతికి ఇచ్చింది. కొడుకు రాయపూర్ వైపు ఏదో కార్ఖానాలో షిఫ్టు ఇన్‌చార్జి అట. అవతల పెద్ద మోత. నేను నా పేరు చెప్పాను, వాళ్ళ నాన్న పేరు చెప్పాను, పెద్దమెట్ట మీద జరిగినదానిలో ఆయన తప్పేమీ లేదని, తప్పు మాదని, దాన్ని నేను రాతపూర్వకంగా సరిదిద్దానని చెప్పాను.

"కౌన్‌సా పహాడ్, అంకుల్?" అన్నాడు, ఏ కొండ అని.

పోలమ్మ వదిన నా ముఖం వంక చూస్తోంది. నేను హిందీలో మొదటి నుంచి మొదలుపెట్టాను, కొలిమి ఇటుకలు మార్చే వారం నుంచి. రెండు వాక్యాలు కూడా కాలేదు. "అంకుల్, యహాఁ కుఛ్ సునాయీ నహీఁ దే రహా, డ్యూటీ కే బాద్ కరతా హూఁ," అని, ఇక్కడేమీ వినిపించడం లేదు, డ్యూటీ అయ్యాక చేస్తానంటూ అతను ఫోను పెట్టేశాడు.

"ఏటన్నాడు?" అని అడిగింది ఆమె.